కథను ఎవరి కళ్ళతో చూస్తున్నాం?



చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి ఉదయం ఆలస్యంగా వెళ్ళినవారికి కుర్చీ దొరకడం కష్టమని మీలో చాలామందికి అనుభవమే. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, జూనియర్ లెక్చరర్ పోస్టులకు, నెట్‌కు సిద్ధమయ్యే యువతీయువకులు అశోక్‌నగర్ గదుల నుండి నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా పట్టుకుని నడిచి వస్తారు. వారిలో తెలుగు సాహిత్యం తీసుకున్నవారి నోటు పుస్తకం తెరిస్తే ఒక పేజీ తప్పకుండా కనిపిస్తుంది. పైన "కథానిక - లక్షణాలు" అని రాసి, కింద గీత గీసి ఉంటుంది. ఆ గీత కింద వస్తువు, ఇతివృత్తం, సంవిధానం, పాత్ర చిత్రణ, నేపథ్యం, దృష్టికోణం, సంఘర్షణ, ప్రతీక, శైలి, శిల్పం, ఎత్తుగడ, కొసమెరుపు అని వరుసగా పదాలు. ఒక్కొక్క పదానికి ఒక్కొక్క వాక్యం నిర్వచనం. ఆ పేజీ కంఠతా వచ్చినవారికి మార్కులు వస్తాయి. మంచిదే. అయితే ఈ మాటలు ఏ కథలను అర్థం చేసుకోవడానికి పుట్టాయో ఆ కథల్లో ఒక్కటైనా చదివారా అని అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. శుభలేఖలన్నీ చదివి ఒక్క పెండ్లికీ వెళ్ళనివారి సంగతి ఇది.

ఆ పదాలన్నింటినీ ఈ వారం వివరించబోవడం లేదు. ఒకే ఒక్క పదాన్ని పట్టుకుందాం. అది దృష్టికోణం. మిగిలినవి దాని వెంట వచ్చినంతవరకు వస్తాయి. ఆ పేజీలోని పదాలన్నీ సమానం కావని నా అభిప్రాయం. శైలి, శిల్పం అనేవి పండితులు తీరికగా వాదించుకోదగిన విషయాలు. దృష్టికోణం అలాంటిది కాదు. మనం ఎవరి మీద జాలిపడతామో, ఎవరిని తప్పుపడతామో అన్నది దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇది కథల్లోనే కాదు, వార్తా పత్రికలోనూ, ఇంటి వసారాలోనూ అంతే.

ముందుగా ఒక చిన్న సంగతి తీసుకుందాం. 2022 అక్టోబరులో తెలంగాణలో గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కినందువల్ల 2023 మార్చిలో దానిని రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పరీక్ష పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దానినీ రద్దు చేసింది. ఇంతవరకు అందరికీ తెలిసిన వాస్తవం. ఇక నేను కల్పించినది: నల్లగొండ వైపు పల్లె నుండి వచ్చి, నాలుగేళ్ళుగా అశోక్‌నగర్‌లో మరో ముగ్గురితో గది పంచుకుంటున్న ఒక కుర్రవాడు గది ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయాడు.

పరీక్ష రద్దయింది, తరువాత కుర్రవాడు ఊరికి వెళ్ళాడు అని చెబితే అది సంఘటనల వరుస మాత్రమే. పరీక్ష రెండవసారి కూడా రద్దు కావడంతో, ఇక ఇంట్లో డబ్బు అడగలేక ఊరికి వెళ్ళాడు అని చెబితే అది సంవిధానం. అనగా ఒకదాని నుండి ఒకటి పుట్టాలి. ఆంగ్ల నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో వెలువడిన తన ఉపన్యాసాల పుస్తకంలో ఈ తేడాను స్పష్టం చేశాడు. అప్పటినుండి విశ్వవిద్యాలయాల్లో అందరూ దానినే అప్పజెబుతున్నారు. "తరువాత" అనే మాట స్థానంలో "అందువల్ల" అనే మాట కూర్చుంటే సంవిధానం మొదలైందని గుర్తు పెట్టుకోండి. పరీక్షకు కూడా ఇది చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ సంగతిని ఎవరు చెబుతున్నారు?

ఇంటి ఓనరు చెబితే ఇలా ఉండవచ్చు: "నాలుగేండ్లున్నడండీ. నెమ్మదస్తుడే. ఆఖరి రెండు నెలలు కిరాయి ఆలస్యం చేసిండు. ఒకరోజు పొద్దున పుస్తకాలన్నీ పాత పేపర్లోనికి అమ్మి, తాళంచెవి నా చేతికిచ్చి పోయిండు. టు-లెట్ బోర్డు పెట్టిన, సాయంత్రానికి వేరే పిల్లలొచ్చిన్రు."

తల్లి చెబితే: "రాత్రి పదకొండింటికి వచ్చిండు. కుక్కలు మొరిగితే లేచి చూసిన. చేతిల ఒక సంచే ఉన్నది. పుస్తకాలేవి కొడుకా అంటే ఎనుక లారీల వస్తున్నయమ్మా అన్నడు. అన్నం తిన్నంక గిన్నె తానే కడిగి బోర్లించిండు. ఎన్నడు కడిగినోడు కాదు."

ఆ కుర్రవాడే చెబితే: "ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచిన. మ్యాట్నీ వదిలిన్రు. జనమంతా నవ్వుకుంట ఎదురొస్తున్నరు. పాత పేపర్లాయన ఇచ్చిన నోట్లు జేబులో ఉన్నయి. పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర, అన్నిటినీ ఒకే తక్కెట్ల పెట్టి తూచిండు. అన్నిటికీ ఒకే ధర."

ముగ్గురూ చెప్పినది ఒకే సంగతి. ఓనరు మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు, ఆయన చెడ్డవాడూ కాదు. కాని ఆయన కథ కిరాయితో మొదలై కిరాయితో ముగిసింది, ఎందుకంటే ఆ కుర్రవాడితో ఆయనకున్న సంబంధం అంతవరకే. తల్లి కథలో పరీక్ష అనే మాటే లేదు. కుర్రవాని కథలో తల్లి లేదు, ఇంకా ఊరు చేరలేదు గనుక. సంఘటన మారలేదు, చూసే చోటు మారింది. ఈ చూసే చోటుకే దృష్టికోణం అని పేరు.

ఇంకో సంగతి గమనించండి. పుస్తకాలు అమ్మివేశాడని ఓనరు ముందే చెప్పాడు గనుక, "ఎనుక లారీల వస్తున్నయి" అన్నప్పుడు అది నిజం కాదని మీకు తెలుసు, తల్లికి తెలియదు. పాత్రకు తెలియనిది పాఠకునికి తెలిసి ఉండడాన్ని నాటకీయ వ్యంగ్యం అంటారు. ఇది నవ్వించడానికీ పనికి వస్తుంది, గుండె పిండడానికీ పనికి వస్తుంది. ఇక గిన్నె కడిగి బోర్లించడం ఉంది. తల్లి దానికి అర్థం చెప్పలేదు. మీరు గ్రహించారు. మాట పైకి చెప్పేది ఒకటి, లోపల వినిపించేది మరొకటి కావడాన్ని తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు. ఆయన కావ్యాల గురించి చెప్పాడు గాని, అంట్లగిన్నెకు కూడా ఆ సూత్రం వర్తిస్తుంది.

కుర్రవాడు "నేను" అని చెప్పుకోవడం ఉత్తమ పురుష కథనం. "అతడు" అని చెబుతూనే ఒకే మనిషి మనసును అంటిపెట్టుకుని నడవడం పరిమిత దృష్టికోణం. అందరి మనసుల్లోనికీ తొంగిచూడగల కథనాన్ని సర్వజ్ఞ కథనం లేదా సర్వసాక్షి కథనం అంటారు. వీటి తేడా తెలియాలంటే మన వీధుల్లోనే ఒక ఏర్పాటు ఉంది. 2020 ఫిబ్రవరి నుండి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ స్టేషన్ల మీదుగా మెట్రో రైలు నడుస్తోంది. రైలు కిటికీ నుండి చూస్తే రోడ్డుకు రెండు వైపులా మేడలు, నీళ్ళ ట్యాంకులు, ఆరవేసిన బట్టలు ఒక్క చూపులో కనిపిస్తాయి. అదే రోడ్డున నడిచేవానికి ఎదురుగా ఉన్న దుకాణం, కాలికింద గుంట కనిపిస్తాయి. గదిలో కూర్చుని చదివేవానికి గోడ కనిపిస్తుంది, పక్కవాని దగ్గు వినిపిస్తుంది. పై నుండి చూసేవానికి ఎక్కువ తెలుస్తుందనుకోవడం సహజం. అతనికి ఎక్కువ కనిపిస్తుంది, అంతే. ఏ చొక్కా ఎవరిదో అతనికి తెలియదు. సర్వజ్ఞ కథకుడు పై నుండి చూస్తూనే గదిలోనికీ దిగగలడు గనుక అతని చేతిలో ఉన్న అధికారం చాలా పెద్దది. ఆ అధికారాన్ని కొందరు రచయితలు పాత్రలకు బుద్ధులు చెప్పడానికి వాడి పాడుచేసుకుంటారు.

ఇక పుస్తకాలలోనికి వద్దాం. గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు" 1910లో "ఆంధ్రభారతి"లో వెలువడింది. (అంతకుముందే 1902లో భండారు అచ్చమాంబగారి "ధన త్రయోదశి" వచ్చింది. మొదటి తెలుగు కథ ఏది అన్న ప్రశ్న పరీక్షలో వస్తే ఈ రెండవ పేరు కూడా తెలిసి ఉండాలి.) గోపాలరావు అనే చదువుకున్నవాడు భోగంమేళాల మోజులో పడి రాత్రులు ఆలస్యంగా ఇంటికి వస్తుంటాడు. ఒక రాత్రి వచ్చేసరికి భార్య కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. పుట్టింటికి వెళ్ళిపోయిందనుకుని కలవరపడి, పశ్చాత్తాపపడతాడు. చివరికి మంచం కింద నుండి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. ఇంత చిన్న కథ అంత బాగా పండడానికి కారణం ఏమిటి? గురజాడ మనల్ని గోపాలరావు పక్కనే నిలబెట్టాడు. అతనికి తెలిసినంతే మనకు తెలుసు. కమలిని మంచం కింద ఉన్నదని మొదటే చెప్పి ఉంటే మనం అతన్ని చూసి నవ్వుకునేవాళ్ళం. అతనితోపాటు కంగారుపడేవాళ్ళం కాదు. తప్పు చేసినవాని పక్కన నిలబడి అతని కంగారును అనుభవించిన తరువాత ఆ నవ్వు మనకు కూడా తగులుతుంది.

పరిమిత దృష్టికోణానికి నేను అందరికీ చెప్పే ఉదాహరణ పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన". 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన కథ ఇది. బహుమతి సంగతి అందరికీ తెలుసు, కథ చదివినవారు తక్కువ. రావుగారు క్రమశిక్షణ గలవారు. జీవితం గురించి ఆయనకు స్థిరమైన సిద్ధాంతాలున్నాయి. ఉపన్యాసం ఇవ్వడానికి రైల్లో వెళుతున్నారు. అదే పెట్టెలో ఒక బిచ్చగత్తె ఉంది. తుఫాను వచ్చి, చిన్న స్టేషనులో దిగవలసి వస్తుంది. ఆ చీకటిలో, ఆ గాలిలో, ఆయన సిద్ధాంతాలకు ఏమవుతుందన్నదే కథ. తరువాతి సంగతి చెప్పను, చదువుకోండి. కథ రావుగారి మనసును వదిలి ఎక్కడికీ పోదని మాత్రం గమనించండి. ఆమెను మనం ఆయన చూసినట్లే చూస్తాం. ఆయన అసహ్యించుకుంటే మనకూ అసహ్యం వేస్తుంది. ఆయన చూపు మారినకొద్దీ మన చూపూ మారుతుంది. ఆమె మనసులో ఏముందో మాత్రం చివరివరకు తెలియదు. ఇది రచయిత లోపం కాదు, ఎన్నిక. తత్త్వశాస్త్రం చదువుకున్నవారికి ఈ కథ కొంచెం గుచ్చుకుంటుంది కూడా. సిద్ధాంతాలున్న మనిషి కళ్ళ నుండి చూపితేనే ఆ సిద్ధాంతాలు కదలడం మనకు తెలుస్తుంది. బిచ్చగత్తె వైపు నుండి చెబితే అది వేరే కథ అవుతుంది, బహుశా రావుగారికి అందులో పెద్ద చోటు ఉండదు.

"నేను" అని చెప్పేవాడు రచయితే అనుకోవడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి "బారిస్టర్ పార్వతీశం" చదివినవారికి ఈ భ్రమ పోతుంది. మొగలితుర్రు నుండి ఇంగ్లండుకు బయలుదేరిన పార్వతీశం తన ప్రయాణాన్ని తానే ఎంతో గంభీరంగా చెప్పుకుపోతాడు. లోకం అంతా తనను ఎందుకు వింతగా చూస్తున్నదో అతనికి అర్థం కాదు, మనకు అర్థమవుతుంది. మొక్కపాటివారు మన వైపు నిలబడి నవ్వుతున్నారు, పార్వతీశం అటు వైపు నిలబడి ఉన్నాడు. రచయిత వేరు, కథకుడు వేరు అనడానికి ఇంతకన్న సులువైన పాఠం నాకు తెలియదు. కథకుడు చెప్పినదంతా నమ్మనక్కరలేదు. అతడు అబద్ధాలకోరు కానక్కరలేదు కూడా, అమాయకుడైతే చాలు.

ఇవన్నీ పాశ్చాత్యుల నుండి తెచ్చుకున్న సంగతులు కదా అని ఈ మధ్య ఒక పెద్దాయన అన్నారు. పేర్లు కొన్ని అటునుండి వచ్చిన మాట నిజం, విద్య మాత్రం కాదు. కురుక్షేత్ర యుద్ధాన్ని మహాభారతం ఎలా చెప్పిందో చూడండి. సంజయుడు చెబుతున్నాడు. ఎవరికి? చూపు లేని ధృతరాష్ట్రునికి. పద్దెనిమిది దినాల యుద్ధాన్ని, కొడుకులు ఒక్కొక్కరే కూలిపోతుంటే, తండ్రి చెవులతో వింటున్నాం మనం. పాండవుల విజయం అక్కడ ఒక తండ్రికి వచ్చిన చావు కబురుగా వినిపిస్తుంది. అంతేకాదు, సంజయుడు మొదట వచ్చి భీష్ముడు పడిపోయాడని చెబుతాడు. ఆ తరువాతే పదిరోజుల యుద్ధాన్ని మొదటినుండి చెప్పుకొస్తాడు. ముగింపు ముందు చెప్పి వెనుకకు వెళ్ళడాన్ని సినిమావారు ఫ్లాష్‌బ్యాక్ అని తాము కనిపెట్టినట్లు చెప్పుకుంటారు! బుర్రకథలో కథకుని ఇరుపక్కలా నిలబడి ప్రశ్నలు వేసే వంతలు కూడా దృష్టికోణం తెలిసినవారే. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం అందుకుని, వినేవాని మనసులోని ప్రశ్నను ముందే అడిగేస్తారు.

బైబులులో దీనికి పదునైన ఉదాహరణ సమూయేలు రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. దావీదు రాజు ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను యుద్ధంలో చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి నీవు పాపివి అని మొదలుపెట్టలేదు. ఒక కథ చెప్పాడు. ధనవంతునికి మందలున్నాయి. పేదవానికి ఒకే ఒక్క గొర్రెపిల్ల, అది అతని పళ్ళెంలో తిని, అతని ఒడిలో పడుకునేది. అతిథి వస్తే ధనవంతుడు తన మందను ముట్టకుండా ఆ ఒక్క గొర్రెపిల్లను పట్టుకుపోయి కోయించాడు. విన్న రాజు మండిపడి ధనవంతునికి శిక్ష వేశాడు. అప్పుడు ప్రవక్త ఆ మనిషివి నీవే అన్నాడు. ఇందులో ఉన్న పనితనం చూడండి. దావీదు తన సంగతిని సింహాసనం మీద నుండి చూస్తున్నంతకాలం అతనికి తప్పు కనిపించలేదు. నాతాను అతన్ని పేదవాని ఇంట్లోనికి తీసుకువెళ్ళి, గొర్రెపిల్ల తిన్న పళ్ళెం చూపించాడు. చూసే చోటు మారగానే తీర్పు దానంతట అదే వచ్చింది. ఆ పళ్ళెం, ఆ ఒడి లేకపోతే అది పశువు దొంగతనం కేసుగా మిగిలిపోయేది.

మన పేటలకు దగ్గరిదైన నవల గురించి చెప్పకపోతే ఈ పాఠం సగమే అవుతుంది. అశోక్‌నగర్ నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎంతో దూరం కాదు. నవీన్ రాసిన "అంపశయ్య" 1969లో పుస్తకంగా వచ్చింది. రచయిత అసలు పేరు దొంగరి మల్లయ్య, అప్పటి వరంగల్ జిల్లా వావిలాలవారు, ఉస్మానియాలో ఎం.ఏ. చదివారు. నవల పేరే ఆయనకు ఇంటిపేరుగా నిలిచిపోయింది. "కాలరేఖలు" నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. "అంపశయ్య"లో జరిగేది ఒక్క రోజు. పల్లె నుండి వచ్చి ఉస్మానియా హాస్టలులో ఉంటున్న రవి అనే పేద విద్యార్థి నిద్ర లేచినది మొదలు ఆ రాత్రి వరకు. పెద్ద సంఘటనలేవీ లేవు. డబ్బులేమి, పరీక్ష భయం, అవమానాలు, కోరికలు, ఊరి జ్ఞాపకాలు ఒకదాని మీదుగా ఒకటి అతని మనసులో నడుస్తుంటాయి. ఆ నడకే నవల.

ఈ పద్ధతి పేరు చైతన్య స్రవంతి. పేరు వచ్చినది సాహిత్యం నుండి కాదు. 1890లో వెలువడిన తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్, ఆలోచన అనేది ముక్కలు అతికించిన గొలుసు కాదు, తెగని ప్రవాహం అని వాదించాడు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో ఇది మాకు పరీక్షకు వచ్చే ప్రశ్న; దాని వెనుక ఇంత సాహిత్యం ఉందని ఆ పాఠంలో లేదు. 1918లో మే సింక్లెయిర్ అనే ఆంగ్ల రచయిత్రి ఆ మాటను నవలా విమర్శలో వాడింది. 1922లో జేమ్స్ జాయిస్ "యులిసిస్" వచ్చింది. అదీ ఒక్క రోజు కథే, 1904 జూన్ 16, డబ్లిన్ నగరం. జాయిస్ జెస్విట్ గురువుల బడులలో చదువుకున్నవాడు. ఆత్మపరిశోధన అనే అభ్యాసం అతనికి అక్కడే అబ్బిందని నేననుకుంటాను, రుజువు అడగవద్దు. తెలుగులో బుచ్చిబాబు "చివరకు మిగిలేది", రావిశాస్త్రి "అల్పజీవి" ఈ దారిలో ముందే నడిచాయి.

"అంపశయ్య"లో అసభ్యత ఉందని కొందరు ఆక్షేపించారు. కుటుంబంలో అందరి ముందు పైకి చదవదగిన పుస్తకం కాదని నేను కూడా అంటాను. కాని మనసును ఉన్నది ఉన్నట్లు చూపుతానన్న రచయితను, కడిగి తుడిచి చూపమనడం న్యాయం కాదు. ఆ పుస్తకం చేసిన పని వేరు. అంతవరకు పల్లె నుండి చదువుకు వచ్చిన పేద విద్యార్థి మన కథల్లో ఎక్కువగా బయటి నుండి కనిపించేవాడు. జాలిపడదగినవాడు, లేదా ఆదర్శవంతుడు. నవీన్ అతని తలలోనికి మనల్ని కూర్చోబెట్టాడు. అక్కడ అతడు జాలి కోరడు, ఆదర్శమూ కాదు. కొన్నిసార్లు అల్పంగా, కొన్నిసార్లు గొప్పగా ఆలోచించే మామూలు మనిషి. ఇన్నేళ్ళ తరువాత అశోక్‌నగర్ గదుల్లో ఉన్న పిల్లల గురించి మనం చెప్పుకునే మాటలు వినండి: "ఎన్నేళ్ళు చదువుతారో", "వయసు దాటిపోతున్నది", "లక్షల్లో రాస్తే వందల్లో వస్తాయి". అన్నీ మెట్రో కిటికీ నుండి చూసి చెప్పిన మాటలే. తల్లిదండ్రులు తమ పిల్లల సంగతి చెప్పడానికి గురువుల దగ్గరకు వస్తారు. అరగంట చెబుతారు. ఆ అరగంటలో పిల్లవాడు చేసిన పనులన్నీ ఉంటాయి, పిల్లవాడు మాత్రం ఉండడు. వాడిని పిలిచి అడిగితే వేరే కథ వినిపిస్తుంది. రెండూ వింటేగాని నాకు సంగతి తెలియదు.

ముగింపు గురించి రెండు మాటలు. కొసమెరుపు మీద మన పత్రికలకు మోజు ఎక్కువ. చివరి వాక్యంలో పాఠకుని ఉలిక్కిపడేలా చేస్తే కథ అయిపోయిందనుకుంటారు. "దిద్దుబాటు"లో మెరుపు ఉంది, నిజమే. దాని వెనుక ఒక మనిషి మారడం కూడా ఉంది. కాళీపట్నం రామారావుగారి "యజ్ఞం" 1966లో "యువ"లో వచ్చింది. అందులో చాలా భాగం ఊరి పంచాయతీయే. అప్పల్రాముడి అప్పు గురించి ఎవరి వాదన వారు వినిపిస్తారు. ఏ వాదన విన్నా అప్పటికి సబబుగానే తోస్తుంది. చివరికి అప్పు తీర్చడానికి ఒప్పుకున్నాక, అతని కొడుకు సీతారాముడు తన పసిబిడ్డ బానిస కాకూడదని ఆ బిడ్డను చంపుతాడు. ఈ ముగింపు మీద విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. రచయిత పక్కన నిలబడి ఇది తప్పు, ఇది ఒప్పు అనలేదు. ఆ వాదనలన్నీ విని సరేనని తల ఊపిన మనమే ఆ చివరి దృశ్యం ముందు నిలబడవలసి వస్తుంది. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుని కథ కూడా ముగిసీ ముగియనట్లే ఉంటుంది. ఇంట్లో విందు జరుగుతోంది, పెద్దకొడుకు అలిగి బయట నిలబడ్డాడు, తండ్రి బతిమాలాడు. పెద్దకొడుకు లోపలికి వెళ్ళాడా? చెప్పలేదు.

నేపథ్యం, ప్రతీక అనేవి కొంచెమే చెబుతాను. నేపథ్యం అనగా కథ వెనుక వేలాడదీసిన తెర కాదు, కథను నడిపించే చోటు. తుఫాను లేకపోతే "గాలివాన" లేదు. హైదరాబాదు నేపథ్యం కావాలంటే నెల్లూరి కేశవస్వామిగారి "చార్మినార్" కథలు చదవండి. నగరంలోని హిందూ ముస్లిం కుటుంబాల జీవితం అందులో కనిపించినట్లు చరిత్ర పుస్తకాల్లో కనిపించదు. ప్రతీకల కోసం మాత్రం దయచేసి వెతకవద్దు. మంచి కథలో ప్రతీక ముందు ఒక వస్తువుగా తన పని తాను చేస్తుంది. గొడుగు కనిపించిన ప్రతిచోటా రక్షణకు ప్రతీక అని రాసే జవాబుపత్రాలు చూసి విసుగెత్తిన లెక్చరర్లు నాకు తెలుసు.

ఈ కథలన్నీ మీకు అందుబాటులో ఉన్నవే. చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాల గది దాటి కథల అల్మారాల దాకా వెళ్ళండి. మెట్రోలో సుల్తాన్ బజార్ వరకు వెళితే 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. శ్రీకాకుళంలో రామారావుగారు 1997లో నెలకొల్పిన కథానిలయం వేలాది పాత కథలను సేకరించింది, చాలావాటిని కంప్యూటరులోనే చదువుకోవచ్చు.

చదివిన తరువాత ఒక చిన్న పని చేయండి. ఒక సాయంత్రం చాలు. "దిద్దుబాటు" తీసుకుని, అదే రాత్రిని, అదే గదిని, కమలిని వైపు నుండి అరపేజీ రాయండి. ఆమెకు భర్త ముఖం కనిపించదు, పాదాలు మాత్రమే కనిపిస్తాయి. అతడు ఉత్తరం చదువుతున్నాడని ఆమెకు ఎలా తెలుస్తుంది? ఎక్కడ నవ్వు ఆపుకుంటుంది, ఎక్కడ ఆమెకు నవ్వు రాదు? కలం పట్టేముందు ఒకసారి మీ మంచం కిందకు దూరి, అక్కడినుండి గది ఎంతవరకు కనిపిస్తుందో చూసుకోండి. రాసినది ఆదివారం పూజ తరువాత తెస్తే కూర్చుని కలిసి చదువుదాం.